ఎమ్మారై రిపోర్టులో ‘స్మాల్ వెసెల్’ అని రాస్తే: పెద్దవాళ్ళ మతిమరుపుకి స్కాన్ ఎలా చేయించాలి, రిపోర్టు ఎలా అర్థం చేసుకోవాలి

రిపోర్టు కవరు తీసుకుని మెట్లు దిగినవాళ్ళు పది నిమిషాల్లో మళ్ళీ పైకొస్తారు. అప్పటికే ఫోన్‌లో ఏదో వెతికి ఉంటారు, మొహం పాలిపోయి ఉంటుంది. “బాబూ, అమ్మ మెదడులో చిన్న రక్తనాళాలు దెబ్బతిన్నాయని రాశారు. పక్షవాతం వచ్చేసినట్టేనా?” అని అడుగుతారు. పక్కన నిలబడ్డ అమ్మగారు మాత్రం “ఆకలేస్తోందిరా, ఇడ్లీ తిందాం పద” అంటూ ఉంటారు.

నేను ఎమ్మారై టెక్నీషియన్ని. స్కాన్ తీయడం నా పని, రిపోర్టు రాయడం రేడియాలజిస్టు పని, మందు రాయడం నరాల డాక్టరు పని. ఈ మధ్యలో ఇంటివాళ్ళు చేయాల్సిన పని ఒకటుంది. దాని గురించి వాళ్ళకి ఎవరూ చెప్పరు. ఫిల్ములో కనపడేది మచ్చ. ఇంట్లో మీరు చూస్తున్నది మనిషిలో మార్పు. ఆ మచ్చ వల్లే ఈ మార్పు వచ్చిందా అని తేల్చాలంటే మార్పు ఎలా మొదలైందో మీరే చెప్పాలి. అది లేకుండా చూస్తే అరవై దాటినవాళ్ళలో ఎవరి స్కాన్ అయినా జబ్బు లాగే ఉంటుంది.

అసలు విషయంలోకి వెళ్ళేముందు ఒక మాట. ఉన్నట్టుండి మూతి వంకరపోయినా, ఒక పక్క చెయ్యీ కాలూ పడిపోయినా, మాట తడబడినా ఇది చదవడం ఆపి స్ట్రోక్ వైద్యం ఉన్న ఆసుపత్రికి బయల్దేరండి. గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కి మామూలుగా ఉండే గడువు నాలుగున్నర గంటలు. నిన్నటిదాకా బాగున్న మనిషి ఒకటి రెండు రోజుల్లో అయోమయంలో పడిపోయినా అదే రోజు చూపించండి. మూత్రంలో ఇన్ఫెక్షన్, సోడియం పడిపోవడం, కొత్తగా మొదలుపెట్టిన మాత్ర లాంటివి దానికి కారణం కావచ్చు. నేను చెప్పబోయేది నెలలు, ఏళ్ళ తరబడి నెమ్మదిగా వచ్చే మార్పు గురించి.

ఏం వెతుకుతున్నారో ముందు తెలుసుకోండి

మెదడు లోపలికి దిగే సన్న నాళాలు మిల్లీమీటరు కంటే చిన్నవి. ఏళ్ళ తరబడి బీపీ, షుగరు, పొగ, వయసు కలిసి వాటి గోడల్ని మందంగా, బిరుసుగా చేస్తాయి. మామూలు ఎమ్మారైలో ఆ నాళాలే కనపడవు. వాటివల్ల చుట్టుపక్కల జరిగిన నష్టం మాత్రమే కనపడుతుంది. కృష్ణా డెల్టాలోనో గోదావరి డెల్టాలోనో పుట్టినవాళ్ళకి ఇది చెప్పడం తేలిక. కాలువ ఎక్కడ పూడిందో కనపడదు గానీ, చివరి భూముల్లో పైరు ఎండితే పైనుంచి నీళ్ళు రావట్లేదని తెలిసిపోతుంది. మెదడు భాగాల్ని ఒకదానితో ఒకటి కలిపే నరాల తీగలుండే చోటు, అంటే వైట్ మ్యాటర్, అలాంటి చివరి భూమి. రిపోర్టులో ‘స్మాల్ వెసెల్’ అని రాసేది ఈ సన్న నాళాల జబ్బు గురించే.

మొదటి పని: స్కాన్ కంటే ముందు ఒక పేజీ రాయండి

ఒక తెల్ల కాగితం తీసుకోండి. మనిషితో ఎక్కువసేపు గడిపేవాళ్ళు రాయాలి. పండక్కి వచ్చి వెళ్ళే కొడుకు కంటే రోజూ కాఫీ ఇచ్చే కోడలికి ఎక్కువ తెలుస్తుంది, ఆమె చేత రాయించండి.

మొదట ఏం మారింది, ఎప్పుడు మారింది? ‘రెండేళ్ళ నుంచి మతిమరుపు’ అని రాస్తే డాక్టరుకి పెద్దగా ఉపయోగం లేదు. ‘పోయిన సంక్రాంతికి పాల లెక్క తనే చూసుకున్నారు, ఈ సంక్రాంతికి చూసుకోలేకపోయారు’ అని రాస్తే ఉపయోగం ఉంది. మార్పు వాలు మీద జారినట్టు నెమ్మదిగా వచ్చిందా, లేక మెట్టు దిగినట్టు ఒకసారి తగ్గి, కొన్నాళ్ళు అలాగే ఉండి, మళ్ళీ తగ్గిందా? మెట్లు మెట్లుగా తగ్గితే డాక్టరు రక్తనాళాల వైపు ఆలోచిస్తారు. అయితే సన్న నాళాల జబ్బు చాలామందిలో నెమ్మదిగానే వస్తుంది, కాబట్టి మెట్లు లేవు కదా అని దాన్ని కొట్టిపారేయడానికి లేదు.

ఏ రకం మతిమరుపో కూడా రాయండి. అడిగిందే పదిసార్లు అడగడం, పొద్దున జరిగింది సాయంత్రానికి పూర్తిగా చెరిగిపోవడం ఒక రకం, ఇది అల్జీమర్స్‌లో ఎక్కువ. ఆలోచన నెమ్మదించడం, పని వరస తప్పడం ఇంకో రకం. సాంబారు పెట్టడం వచ్చు, కానీ ముందు పప్పు వేయాలా పులుసు కాచాలా అని పొయ్యి దగ్గర నిలబడిపోవడం. బ్యాంకు ఫారం నింపలేకపోవడం. ‘మొన్న ఎవరి పెళ్ళికి వెళ్ళాం?’ అంటే చెప్పలేరు, ‘పెద్దత్తయ్య మనవరాలు’ అని అందిస్తే ‘ఆఁ, ఏలూరులో’ అంటారు. అందిస్తే గుర్తొచ్చే ఈ రకం సన్న నాళాల జబ్బులో ఎక్కువ. ఈ రెండూ కలిసి ఉండే మనుషులూ చాలామందే ఉంటారు.

నడక గురించి రాయడం మర్చిపోకండి. మతిమరుపుకి నడకతో ఏం పని అనుకుంటారు గానీ చాలా సంబంధం ఉంది. చిన్న చిన్న అడుగులు, కాళ్ళు నేలకి అతుక్కున్నట్టు ఈడ్చడం, పడిపోవడం, బాత్రూమ్‌కి చేరేలోపే మూత్రం జారిపోవడం, దేని మీదా ఆసక్తి లేకుండా కుర్చీలో కూర్చుండిపోవడం. ఇవి వయసు లక్షణాలని ఇంట్లో సర్దుకుపోతారు. డాక్టరు అడిగితే తప్ప చెప్పరు.

కాగితం వెనక వైపు బీపీ, షుగరు ఎన్నేళ్ళ నుంచి ఉన్నాయో, గుండె కొట్టుకోవడంలో తేడా ఉందో, ఇంతకుముందు పక్షవాతం వచ్చిందో, ఎప్పుడైనా తలకి దెబ్బ తగిలిందో రాయండి. అన్ని మందుల పేర్లూ రాయాలి, మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్న నిద్ర మాత్రతో సహా. వారం రోజులు పొద్దునా సాయంత్రం చూసిన బీపీ రీడింగులు కూడా జోడిస్తే ఆ కాగితం స్కాన్ ఫిల్ము కంటే తక్కువదేం కాదు.

రక్త పరీక్షలు డాక్టరు ఎలాగూ రాస్తారు. విటమిన్ బీ12, థైరాయిడ్, సోడియం, షుగరు అందులో ఉన్నాయో లేదో చూసుకోండి చాలు. చెవి సరిగా వినపడకపోయినా, డిప్రెషన్ ఉన్నా మతిమరుపు లాగే కనపడుతుంది. జ్ఞాపకశక్తి పరీక్ష చేస్తే తెలుగులో చేయమని అడగండి. ఇంగ్లీషు ప్రశ్నలని అప్పటికప్పుడు తెలుగు చేసి అడిగితే తక్కువ మార్కులు రావడం మామూలే. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) తయారుచేసిన పరీక్షల సెట్ తెలుగులో కూడా ఉంది.

రెండో పని: చీటీ మీద ఏం రాశారో చూడండి

సీటీనా, ఎమ్మారైనా? మెదడు మీద రక్తం గడ్డ కట్టడం, పెద్ద కణితులు, లోపల నీరు చేరడం సీటీలో తెలిసిపోతాయి. ఇవి తోసిపుచ్చడానికి అది చాలు, త్వరగా అయిపోతుంది, ఖర్చు కూడా తక్కువ. బాత్రూమ్‌లో జారిపడ్డ పెద్దాయన రెండు మూడు వారాలకి మందకొడిగా అయితే సీటీలో సబ్‌డ్యూరల్ హెమటోమా, అంటే మెదడు మీద పొర కింద చేరిన రక్తం, బయటపడొచ్చు, అది ఆపరేషన్‌తో బాగుపడే జబ్బు. పేస్‌మేకర్ ఉండి ఎమ్మారైకి వీలుకాకపోతే కూడా సీటీనే దిక్కు. కానీ సన్న నాళాల జబ్బు వివరంగా చూడాలంటే ఎమ్మారై కావాలి. సూక్ష్మ రక్తస్రావాల మచ్చలు సీటీలో అసలు కనపడవు.

ఎమ్మారై అంటే ఒకటే ఫోటో అనుకుంటారు. నిజానికి అది అయిదారు రకాల ఫోటోల కట్ట, ఒక్కో రకాన్ని సీక్వెన్స్ అంటారు. మతిమరుపుకి తీసే స్కాన్‌లో ఇవి ఉండాలి:

టీ1, వీలైతే సన్న ముక్కలతో త్రీడీలో. మెదడు ఎంత కుంచించుకుపోయిందో, ముఖ్యంగా జ్ఞాపకాలకి కీలకమైన హిప్పోక్యాంపస్ ఎలా ఉందో చూడటానికి.
టీ2, ఫ్లేయిర్. తెల్లమచ్చలకి, పాత గుంటలకి.
డీడబ్ల్యూఐ. ఈ మధ్యే జరిగిన చిన్న స్ట్రోక్ ఉంటే మెరుస్తూ కనపడుతుంది.
ఎస్‌డబ్ల్యూఐ, లేదా అది లేని మెషీన్లలో జీఆర్ఈ. రక్తం చిమ్మిన చుక్కలకి.

పొరపాటు ఎక్కువగా జరిగేది చివరి దాని దగ్గరే. మా అత్తగారికి వేరే ఊళ్ళో స్కాన్ తీయించారు. చీటీ మీద ‘ఎమ్మారై బ్రెయిన్’ అని మాత్రమే ఉంది. డబ్బు తక్కువవుతుందని బావమరిది ‘స్క్రీనింగ్’ తీయించాడు. స్క్రీనింగ్ అంటే రెండు మూడు సీక్వెన్సులతో ముగించే స్కాన్. అందులో ఎస్‌డబ్ల్యూఐ లేదు, పైగా ఆవిడ తల కదిపేసరికి ఫ్లేయిర్ మసకబారింది. నరాల డాక్టరు చూసి మళ్ళీ తీయించమన్నారు. అల్లుడు పదేళ్ళుగా ఇదే పనిలో ఉన్నాడు, ఒక్క ఫోన్ కొట్టి అడిగినవాళ్ళు లేరు! మీరైనా చీటీ మీద ‘డిమెన్షియా ప్రోటోకాల్, ఎస్‌డబ్ల్యూఐతో’ అని డాక్టరు చేత రాయించుకోండి. డిమెన్షియా అంటే రోజువారీ పనులకి అడ్డొచ్చేంత మతిమరుపు. బుక్ చేసేటప్పుడు కౌంటర్‌లో కూడా అదే మాట అడగండి.

ఫోటోలో కొన్ని భాగాలు స్పష్టంగా కనపడటానికి ఇచ్చే కాంట్రాస్ట్ ఇంజెక్షన్ దీనికి మామూలుగా అక్కర్లేదు. రాసి ఉంటే ఎందుకని అడగండి, కిడ్నీ పరీక్ష రిపోర్టు వెంట తీసుకెళ్ళండి. ఇక మెషీన్ అయస్కాంతం బలం 1.5 టెస్లానా, 3 టెస్లానా అని టెన్షన్ పడకండి. 3 టెస్లాలో సూక్ష్మ చుక్కలు ఇంకాస్త బాగా కనపడతాయి, నిజమే. కానీ కదలకుండా తీసిన 1.5 ఫోటో, కదిలిన 3 టెస్లా ఫోటో కంటే ఎంతో మేలు.

మూడో పని: స్కాన్ రోజుకి సిద్ధం చేయండి

ఇది నా సొంత గది కాబట్టి కాస్త ఎక్కువే చెప్తాను.

ఆ అయస్కాంతం రాత్రీ పగలూ ఎప్పుడూ ఆన్‌లోనే ఉంటుంది. అందుకే లోపలికి వెళ్ళేముందు అన్ని ప్రశ్నలు అడుగుతాం. పేస్‌మేకర్, మెదడు నాళానికి వేసిన క్లిప్పు, చెవిలో కాక్లియర్ ఇంప్లాంట్ ఉంటే బుకింగ్ రోజే చెప్పండి, ఆపరేషన్ కాగితాలు తీసుకురండి. వెల్డింగ్ పని, లేత్ పని చేసినవాళ్ళ కంట్లో ఇనుప రజను ఉండిపోయి ఉండొచ్చు, అదీ చెప్పాలి. గుండె స్టెంటు, మోకాలి చిప్ప ఆపరేషన్ ఉన్నవాళ్ళకి చాలావరకు ఇబ్బంది ఉండదు, అయినా చెప్పండి. మతిమరుపు ఉన్న మనిషిని ‘మీకేమైనా ఆపరేషన్లు అయ్యాయా?’ అని అడిగితే లేదనే అంటారు. ఆ జవాబు మీరు చెప్పాలి.

ఒంటి మీద లోహాలన్నీ ఇంట్లోనే తీసేసి రండి. అన్నిటికంటే ప్రమాదం చీరకి పెట్టుకున్న పిన్నీసు. కుచ్చిళ్ళ దగ్గర ఒకటి, పైట దగ్గర ఒకటి తీసి, జాకెట్టు లోపలిది మర్చిపోతారు. తల పిన్నులు, మొలతాడు, తాయెత్తు, కట్టుడు పళ్ళు, చెవి మెషీను అన్నీ తీయాలి. జరీ చీర కట్టుకుని రావద్దు, జరీ పోగుల్లో లోహం ఉంటుంది. మెట్టెలు బిగుసుకుపోయి ఉంటే ముందురోజు రాత్రే సబ్బు నీళ్ళతో ప్రయత్నించండి. ఎంతకీ రాని ముక్కుపుడక ఉంటే మాకు చెప్పండి, ఏం చేయాలో మేం చూసుకుంటాం. మంగళసూత్రం తీయమంటే చాలామంది పెద్దవాళ్ళు అక్కడే ఆగిపోతారు, కళ్ళనీళ్ళు పెట్టుకున్నవాళ్ళూ ఉన్నారు. పొద్దున్నే ఇంట్లో పసుపుతాడుకి పసుపు కొమ్ము కట్టి మెళ్ళో వేసి తీసుకురండి. మాకూ అభ్యంతరం ఉండదు, ఆవిడకీ మనసులో వెలితి ఉండదు.

బీపీ మాత్రలు రోజూలాగే వేయండి. కాంట్రాస్ట్, మత్తు లేకపోతే టిఫిన్ మానాల్సిన పనిలేదు. లోపలికి వెళ్ళే అయిదు నిమిషాల ముందు బాత్రూమ్‌కి తీసుకెళ్ళండి. మా దగ్గర మధ్యలో ఆగిపోయే స్కాన్లలో సగం దీనివల్లే.

లోపల సుమారు అరగంట పడుతుంది. తల చుట్టూ పంజరం లాంటి కాయిల్ పెడతాం, పెద్ద శబ్దాలు వస్తాయి, చెవుల్లో దూది పెట్టినా వినపడతాయి. ముందురోజే ఇంట్లో చెప్పి ఉంచండి: ‘డమడమా మోగుతుంది నాన్నా, బోరు వేసినట్టు ఉంటుంది, ఏమీ కాదు, కళ్ళు మూసుకుని పడుకో.’ పొద్దున స్లాట్ అడగండి, సాయంత్రానికి ఇలాంటివాళ్ళకి చికాకు పెరుగుతుంది. ఒక మనిషిని లోపల కాలు పట్టుకుని కూర్చోనిస్తారేమో అడగండి. చాలాచోట్ల ఒప్పుకుంటారు, మీ ఒంటి మీదా లోహం లేకపోతే. ఫోను, ఏటీఎం కార్డు బయట పెట్టండి.

ఇంటి నుంచి నిద్ర మాత్ర మింగించి తీసుకురావడం మాత్రం వద్దే వద్దు. పెద్దవాళ్ళలో అది ఎదురు తిరిగి మరింత అయోమయం చేస్తుంది, శ్వాస కూడా మందగించొచ్చు. మత్తు తప్పదంటే మత్తు డాక్టరు ఉన్నచోటే తీయించాలి. ఎక్కువసేపు ఉండలేరని మాకు ముందే చెప్తే ముఖ్యమైన సీక్వెన్సులు మొదట తీసేస్తాం. తర్వాత లేచిపోయినా చేతికి ఏదో ఒకటి మిగులుతుంది.

అయ్యాక ఫిల్ముతో సరిపెట్టుకోకుండా సీడీ అడిగి తీసుకోండి. ఫిల్ములో అన్ని ఫోటోలూ ఉండవు, ఉన్నవీ పోస్టేజీ స్టాంపుల్లా ఉంటాయి.

నాలుగో పని: రిపోర్టులో మాటలు పోల్చుకోండి

రిపోర్టులు ఇంగ్లీషులో, అందులోనూ ఒక్కొక్కరు ఒక్కో మాటలో రాస్తారు. ‘స్మాల్ వెసెల్ ఇస్కీమిక్ ఛేంజెస్’, ‘ల్యూకోఅరయోసిస్’, ‘మైక్రోయాంజియోపతి’ మూడూ దాదాపు ఒకే విషయం. ఈ గందరగోళం తగ్గించడానికే 2013లో అంతర్జాతీయ నిపుణులు ‘స్ట్రైవ్’ అనే పేరుతో ఉమ్మడి నిర్వచనాలు ఇచ్చి, 2023లో వాటిని సవరించారు. వాటి ప్రకారం చూస్తే సన్న నాళాల జబ్బు ఆనవాళ్ళు ఇవి.

వైట్ మ్యాటర్ హైపర్‌ఇంటెన్సిటీస్. ఫ్లేయిర్‌లో కనపడే తెల్లమచ్చలు ఇవే, అందరూ భయపడేదీ వీటికే. ఆస్ట్రియా నరాల వైద్యుడు ఫ్రాంజ్ ఫజెకస్ బృందం 1987లో వీటికి 0 నుంచి 3 దాకా గ్రేడు పెట్టింది, ఇప్పటికీ అదే నడుస్తోంది. లోపలి వైట్ మ్యాటర్‌లో చుక్కలు చుక్కలుగా ఉంటే 1, చుక్కలు ఒకదానితో ఒకటి కలవడం మొదలైతే 2, కలిసిపోయి పెద్ద మరకలైతే 3. నెదర్లాండ్స్‌లోని రాటర్‌డామ్‌లో 60 నుంచి 90 ఏళ్ళ వాళ్ళు 1077 మందికి స్కాన్ తీస్తే మచ్చలు అసలే లేనివాళ్ళు 5 శాతం మంది మాత్రమే. కాబట్టి డెబ్బై ఏళ్ళ మనిషికి ఫజెకస్ 1 అంటే తల నెరవడం లాంటిదే, అది మతిమరుపుకి కారణమని చెప్పడం కష్టం. ఫజెకస్ 3 అయితే తీసిపారేయడానికి లేదు. 2 అయితే మీరు రాసుకున్న ఆ కాగితమే తేల్చాలి. రిపోర్టులో గ్రేడు రాయకుండా ‘ఏజ్ రిలేటెడ్ ఛేంజెస్’ అని వదిలేస్తే, గ్రేడు ఎంతో అడగండి. అడగడానికి మొహమాటపడొద్దు, రేడియాలజిస్టుకి అది నిమిషం పని.

లాక్యూన్లు. ఎప్పుడో జరిగిన చిన్న స్ట్రోక్ వదిలిపోయిన గుంటలు, 3 నుంచి 15 మిల్లీమీటర్లు ఉంటాయి. లోపల నీరు నిండి, ఫ్లేయిర్‌లో మధ్యలో నల్లగా, అంచున తెల్లగా కనపడతాయి. ఇంట్లో ఎవరికీ ఏ పక్షవాతమూ గుర్తుండదు, ఎందుకంటే చాలా లాక్యూన్లు చడీచప్పుడు లేకుండా వస్తాయి. ఎన్ని అన్నదానితో పాటు ఎక్కడ అన్నది కూడా ముఖ్యం. థలామస్ లాంటి కీలకమైన చోట పడ్డ ఒక్క చిన్న గుంట కూడా మనిషిని మార్చేయగలదు. ఊరికి వెళ్ళే నాలుగు దారులూ కలిసే కూడలి దగ్గర చెట్టు పడ్డట్టు.

రీసెంట్ స్మాల్ సబ్‌కార్టికల్ ఇన్‌ఫార్క్ట్. ‘రిస్ట్రిక్టెడ్ డిఫ్యూజన్’ అన్న మాట కనపడితే ఇది గుర్తుకు రావాలి. కొద్ది రోజుల, వారాల కిందటి చిన్న స్ట్రోక్, 20 మిల్లీమీటర్ల లోపు ఉంటుంది. ఈ మాట ఉంటే వచ్చే వారం అపాయింట్‌మెంట్ దాకా ఆగకండి, ఆ రోజే డాక్టరుకి ఫోన్ చేయండి. ‘నో రిస్ట్రిక్టెడ్ డిఫ్యూజన్’ అని ఉంటే అది మంచి మాట. ‘నో’ చూడకుండా కంగారుపడినవాళ్ళని చాలామందిని చూశాను.

మైక్రోబ్లీడ్స్. ఎస్‌డబ్ల్యూఐలో నల్ల చుక్కలు, ఎక్కువగా 2 నుంచి 5 మిల్లీమీటర్లు, పెద్దవైతే 10 దాకా. ‘బ్లూమింగ్ ఫోసై’ అని కూడా రాస్తారు. ఇక్కడా చోటే కీలకం. మెదడు లోతుల్లో, అంటే బేసల్ గ్యాంగ్లియా, థలామస్, పాన్స్‌లో ఉంటే బీపీ చేసిన పని కావచ్చు. పైపొరల్లో మాత్రమే ఉంటే సెరిబ్రల్ అమిలాయిడ్ యాంజియోపతి అనే ఇంకో జబ్బు గురించి ఆలోచిస్తారు. అందులో నాళాల గోడల్లో అమిలాయిడ్ అనే ప్రోటీన్ పేరుకుంటుంది, అల్జీమర్స్‌కి అది దగ్గరి చుట్టం. ‘సూపర్‌ఫీషియల్ సిడరోసిస్’ (మెదడు పైభాగం మీద పాత రక్తం మరక) అన్న మాట ఉంటే అదీ ఆ వైపే చూపిస్తుంది. బేసల్ గ్యాంగ్లియాలో సున్నం చేరినా ఎస్‌డబ్ల్యూఐలో నల్లగానే ఉంటుంది, అనుమానం ఉంటే సీటీతో తేల్చుకోవచ్చు.

పెరివాస్క్యులర్ స్పేసెస్, పాత పేరు వర్చో-రాబిన్ స్పేసెస్. నాళాల చుట్టూ ఉండే సన్న ఖాళీలు, మామూలుగా 3 మిల్లీమీటర్ల లోపు. కొన్ని ఉండటం సహజం. వీటిని లాక్యూన్లని పొరబడటం తరచూ జరుగుతుంది, నాకు తెలిసి రిపోర్టుకి రిపోర్టుకి తేడా వచ్చేదీ ఎక్కువగా ఇక్కడే.

యాట్రఫీ, అంటే మెదడు కుంచించుకుపోవడం. ఊరికే ‘డిఫ్యూజ్ యాట్రఫీ’ అని ఉంటే చాలదు. హిప్పోక్యాంపస్ సంగతి ‘ఎంటీఏ స్కోరు’ పేరుతో 0 నుంచి 4 దాకా ఇస్తారు. వాడుకలో ఉన్న లెక్క ప్రకారం 75 లోపు వయసుకి 2 గానీ అంతకంటే ఎక్కువ గానీ, 75 దాటాక 3 గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంటే వయసుకి మించినది. ఫజెకస్ తక్కువగా ఉండి ఎంటీఏ ఎక్కువైతే ఒక కథ, ఫజెకస్ 3 ఉండి ఎంటీఏ 1 అయితే ఇంకో కథ. రెండూ ఎక్కువైతే రెండు జబ్బులూ కలిసి ఉండొచ్చు. పెద్ద వయసులో అలా కలిసి ఉండటమే ఎక్కువ.

వెంట్రికల్స్, అంటే మెదడు లోపలి నీటి గదులు, మిగతా కుంచించుకుపోవడంతో పోలిస్తే మరీ పెద్దవిగా ఉన్నాయని రాశారా? నడక, మూత్రం ఇబ్బంది కూడా ఉందా? అయితే ‘నార్మల్ ప్రెషర్ హైడ్రోకెఫలస్’ అయ్యే అవకాశం ఉందా అని తప్పక అడగండి. సన్న నాళాల జబ్బు లక్షణాలే దీనికీ ఉంటాయి, కానీ కొంతమందికి షంట్ ఆపరేషన్‌తో, అంటే ఎక్కువైన నీటిని బయటికి మళ్ళించే గొట్టం వేస్తే, నడక బాగుపడుతుంది.

ఇంకొకటి, అరుదైనది. యాభై లోపే స్కాన్ నిండా మచ్చలు, ఎప్పటినుంచో మైగ్రేన్, ఇంట్లో తండ్రికో మేనత్తకో చిన్న వయసులో పక్షవాతం. ఇలా ఉంటే, అందులోనూ మచ్చలు రెండు టెంపోరల్ లోబ్‌ల (కణతల వైపుండే మెదడు భాగాల) ముందు కొసల్లో ఉంటే, కాడసిల్ అనే వంశపారంపర్య జబ్బు కోసం నాచ్3 జన్యు పరీక్ష గురించి అడగొచ్చు.

అయిదో పని: కాగితం, సీడీ రెండూ బల్ల మీద పెట్టి అడగండి

డాక్టరు దగ్గర దొరికేది పది నిమిషాలే. ముందు మీరు రాసిన పేజీ ఇచ్చి, తర్వాత సీడీ ఇవ్వండి. సీడీ ముందిస్తే మాటలన్నీ మచ్చల చుట్టూనే తిరుగుతాయి. తర్వాత ఇలా అడగండి: ‘మేం రాసిన ఈ మార్పులకి ఈ మచ్చలు సరిపోతాయా? ఇవి కాక ఇంకేదైనా ఉందా? బీపీ ఎంత దగ్గర ఉంచాలి?’

మూడో ప్రశ్నకి నేను ఎక్కువ విలువ ఇస్తాను. ఉన్న మచ్చని చెరిపే మందు లేదు, కొత్త మచ్చల్ని నెమ్మదింపజేసే దారి మాత్రం ఉంది. అమెరికాలో జరిగిన స్ప్రింట్ మైండ్ పరిశోధన ఫలితాలు 2019లో వచ్చాయి. పై బీపీని 140 లోపు ఉంచినవాళ్ళ కంటే 120 లోపు ఉంచాలని ప్రయత్నించినవాళ్ళలో తొలి దశ జ్ఞాపకశక్తి లోపం తక్కువగా కనపడింది, తెల్లమచ్చలు కూడా తక్కువ పెరిగాయి. పూర్తి డిమెన్షియా విషయంలో తేడా గట్టిగా తేలలేదు. షుగరు ఉన్నవాళ్ళనీ, పక్షవాతం వచ్చినవాళ్ళనీ ఆ పరిశోధనలో చేర్చుకోలేదు కాబట్టి ఆ 120ని తీసుకుని ఇంట్లో మాత్రలు పెంచేయకండి. లేచి నిలబడగానే కళ్ళు తిరిగే పెద్దమనిషి పడిపోతే తుంటి ఎముక విరుగుతుంది, అది ఇంకో కష్టం. ఎంత అన్నది డాక్టరు చెప్పాలి, రోజూ చూసి పుస్తకంలో రాయడం మీ పని. ఆవకాయ, అప్పడం, ఊరమిరపకాయల్లో ఉప్పు ఎంత ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. చుట్ట, సిగరెట్టు మానాలి, రోజూ నడవాలి.

ఆస్పిరిన్ సంగతి. ‘మెదడులో బ్లాకులట’ అని పక్కింటివాళ్ళు చెప్పగానే మొదలుపెట్టేస్తారు. ఎప్పుడూ స్ట్రోక్ రాకుండా స్కాన్‌లో మచ్చలు మాత్రమే కనపడితే, వేరే కారణం లేకుండా దానికోసమే ఆస్పిరిన్ వాడొద్దని యూరోపియన్ స్ట్రోక్ ఆర్గనైజేషన్ 2021లో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఉంది. మైక్రోబ్లీడ్స్ ఉన్నవాళ్ళయితే మరీ జాగ్రత్త. అలాగని గుండె కోసం వాడుతున్న రక్తం పలచబరిచే మందుని రిపోర్టు చూసి మీ అంతట మీరు ఆపేయడం ఇంకా పెద్ద తప్పు.

అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్ళే పెద్దవాళ్ళున్న ఇళ్ళకి ఒక ముక్క. అక్కడ 2023లో పూర్తి అనుమతి పొందిన లెకానెమాబ్ అనే అల్జీమర్స్ ఇంజెక్షన్ గురించి పిల్లలు అడుగుతుంటారు. ఆ మందుతో మెదడులో వాపు, రక్తస్రావం వచ్చే ప్రమాదం ఉంది, ట్రయల్‌లో నాలుగు మించి మైక్రోబ్లీడ్స్ ఉన్నవాళ్ళని తీసుకోలేదు. ఆ చర్చ మొదలయ్యేది కూడా ఎస్‌డబ్ల్యూఐ ఫోటోల దగ్గరే.

మళ్ళీ స్కాన్ ఎప్పుడు? ఆరు నెలలకోసారి తీయిస్తే మచ్చ తగ్గిందో లేదో తెలుస్తుందని అడుగుతారు. మనిషిలో కొత్త మార్పు వస్తేనో, డాక్టరు చెప్తేనో తప్ప అక్కర్లేదు, ఆ డబ్బుతో మంచి బీపీ మెషీను కొనుక్కోవచ్చు. తీయించాల్సి వస్తే వీలైనంతవరకు అదే సెంటర్‌లో, అదే మెషీన్ మీద తీయించండి. మెషీన్ మారితే చుక్కల లెక్కే మారిపోతుంది, కొత్తవి వచ్చాయని అనవసరంగా కంగారుపడతారు. పాత సీడీ ఇస్తే రేడియాలజిస్టు పక్కపక్కన పెట్టి చూస్తారు, లేకపోతే ప్రతి రిపోర్టూ మొదటి రిపోర్టు లాగే ఉంటుంది.

మా అత్తగారి రెండో స్కాన్‌లో ఫజెకస్ 2, ఎడమ వైపు ఒక పాత లాక్యూన్, లోతుల్లో మూడు చుక్కలు, ఎంటీఏ 1 వచ్చాయి. మా ఆవిడ రాసిన పేజీలో మాత్రం నడక మాట అయిదుసార్లు ఉంది. డాక్టరు ఫోటోలు పూర్తిగా చూడకముందే అత్తగారిని లేపి గదిలో ఆ గోడ నుంచి ఈ గోడకి నడిపించారు. తర్వాత బీపీ చూస్తే 170 దాటి ఉంది. మాత్ర ఏది వేసుకుంటున్నారని అడిగితే ఆవిడ నావైపు చూసి, “అది అయిపోయి చాలా రోజులైంది బాబూ, ఒంట్లో బాగానే ఉంది కదా అని మళ్ళీ తెప్పించుకోలేదు” అన్నారు.